కిరోసిన్ ఫ్యాన్ వేడెక్కుతోంది కానీ తిరగడం లేదు: పాత వేడిగాలి ఇంజన్‌ను ఎక్కడి నుంచి మొదలుపెట్టి బాగుచేయాలి

గ్యాసు టార్చితో అడుగు కాల్చి చూద్దామన్న ఆలోచన ముందు మానుకోండి. మీరు రాసిన వివరాలు ఇవీ: తాతగారి ఇంటి అటక మీద దొరికిన కిరోసిన్ ఫ్యాను, పేరు పలక లేదు. కింద ఇత్తడి దీపం, దాని మీద నిలువుగా పెద్ద సిలిండరు, పక్కన చిన్నది. దీపం వెలిగించి పావుగంట ఆగి చక్రాన్ని చేత్తో తిప్పితే ఐదారు చుట్లు తిరిగి ఆగిపోతోంది. మెకానిక్ ఒకసారి మొత్తం విప్పి బిగించాడు, కొబ్బరినూనె వేశాడు, వేడి చాలడం లేదని తేల్చాడు.

వేడి చాలకపోవడం ఈ ఇంజన్లకు వచ్చే జబ్బుల్లో చివరిది. గాలి కారడం, రాపిడి, వేడి పోవాల్సిన చోటికి కాకుండా మరో దారిన పోవడం, ఈ మూడే అసలు జబ్బులు. ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది కాస్త చూడాలి.

లోపల ఉన్నది మామూలు గాలే. ఆవిరి లేదు, పేలుడు లేదు, వాల్వులూ లేవు. పెద్ద సిలిండరులో రేకుతో చేసిన ఒక బోలు డబ్బా పైకీ కిందికీ ఆడుతుంది. దాన్ని డిస్‌ప్లేసర్ అంటారు. అది గోడలకు తగలదు, గాలిని నొక్కదు, చోటు మారుస్తుంది అంతే. డబ్బా పైకి వెళ్తే గాలి పక్కనున్న సందులోంచి కిందికి దిగి, దీపం మీది వేడి అడుగు దగ్గర చేరి వ్యాకోచిస్తుంది. డబ్బా కిందికి వస్తే అదే గాలి పై చల్లటి భాగానికి ఎక్కి ముడుచుకుంటుంది. ఈ ఉబ్బడం, ముడుచుకోవడం చిన్న దారి గుండా పక్క సిలిండరులోని పిస్టన్‌కు చేరతాయి. ఫ్యానును తిప్పేది ఆ పిస్టనే.

ఇప్పుడు బలం లెక్క చూడండి. చిన్న సిలిండరు బోరు, అంటే లోపలి వ్యాసం, 40 మి.మీ. అనుకుందాం. లోపలి పీడనం వాతావరణ పీడనానికి అటూ ఇటూ ఐదో వంతు మారుతుందనుకుంటే, పిస్టన్ మీద పడే తోపు రెండున్నర కిలోలు. సెకనుకు ఐదు చుట్లు తిరిగితే కాగితం మీద ఐదు వాట్ల దాకా వస్తుంది, రాపిడి పోగా రెక్కలకు మిగిలేది రెండో మూడో. పాతకాలపు ఫోన్ ఛార్జర్ ఇచ్చేంత. గంటకు 25 మి.లీ. కిరోసిన్ కాల్చే దీపం మాత్రం 240 వాట్ల దాకా వేడినిస్తుంది. అంటే వేడికి కరువు లేదు. కరువంతా ఆ రెండు మూడు వాట్లకే. బుష్‌లో, అంటే షాఫ్టు తిరిగే చోట వేసిన లోహపు గొట్టంలో, కాస్త జిగురు చేరినా, పిస్టన్ పక్క నుంచి కాస్త గాలి కారినా అవి కాస్తా హరించుకుపోతాయి.

మంట పెంచి గట్టెక్కుదామనుకోవడం ఈ ఇంజన్లంత పాతదే. రాబర్ట్ స్టిర్లింగ్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు 1816లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన తమ్ముడు జేమ్స్ 1843లో డండీ ఫౌండ్రీలో పెట్టిన పెద్ద ఇంజను బాగానే పనిచేసింది, కానీ మంట తగిలే పోత ఇనుము ఆ వేడికి తట్టుకోలేక పాడవుతుండడంతో చివరికి మూలపడింది. జాన్ ఎరిక్సన్ 1853లో 14 అడుగుల వ్యాసమున్న సిలిండర్లు నాలుగు పెట్టి ఏకంగా ఓడనే నడిపి చూశాడు, మరుసటి ఏడాదికి వాటి చోట ఆవిరి ఇంజన్లు పెట్టారు. పేరు నిలబడింది చిన్నవాటితోనే. ఇళ్ళ మీది ట్యాంకులకు నీళ్ళు తోడే ఎరిక్సన్, రైడర్ పంపులు, షికాగోలో తయారై స్పిరిటుతో నడిచిన లేక్ బ్రీజ్ ఫ్యాన్లు, మన దగ్గర కరెంటు లేని ఇళ్ళకు బొంబాయి జోస్ట్ కంపెనీ పేరుతో వచ్చిన కిరోసిన్ ఫ్యాన్లు. మీది ఈ ఆఖరి జాతిది.

మొదట పైసా ఖర్చు లేని పరీక్ష. మెకానిక్ విప్పి బిగించాడన్నారు కదా, డిస్‌ప్లేసర్‌కూ పిస్టన్‌కూ మధ్య ఉండాల్సిన పావు చుట్టు తేడా అప్పుడే చెడి ఉండవచ్చు. దీపం లేకుండా చక్రాన్ని, రెక్కలు గాలిని ముందుకు తోసే దిశలో, నెమ్మదిగా తిప్పండి. డిస్‌ప్లేసర్ పూర్తిగా పైకి, అంటే దీపానికి దూరంగా వెళ్ళిన క్షణాన పిస్టన్ తన దారిలో సరిగ్గా సగంలో ఉండి బయటికి వస్తూ ఉండాలి. సగంలోనే ఉండి లోపలికి పోతుంటే క్రాంకు, అంటే పిస్టన్ కదలికను చక్రపు తిరుగుడుగా మార్చే వంపు కడ్డీ, తిరగేసి బిగించారన్నమాట. అప్పుడు ఇంజను వెనక్కి తిరగాలని చూస్తుంది, ముందుకు తిప్పితే ఎదురు తిరిగి ఆగుతుంది. మీ ‘ఐదారు చుట్లు’ ఇదే కావచ్చు. దీపం వెలిగించి ఒకసారి వెనక్కి తిప్పి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. క్రాంకు మర వదులు చేసి సరిచేయండి. కచ్చితంగా 90 డిగ్రీలే కానక్కర్లేదు, 80 నుంచి 100 మధ్య ఎక్కడున్నా తేడా తెలియదు. కంటి కొలత చాలు. కుదిరాక చక్రానికీ షాఫ్టుకీ కలిపి ఒక గీత గీసి ఉంచండి.

అది సరిగానే ఉంటే రాపిడి సంగతి. రెక్కలు తీసేయండి. రెండు కనెక్టింగ్ రాడ్లూ విడదీసి వట్టి చక్రాన్ని తిప్పి వదలండి. మంచి బేరింగు మీద నిమిషానికి పైగా తిరిగి, ఆగే ముందు బరువు వైపు కాస్త వెనక్కి ఊగుతుంది. టక్కున ఆగితే షాఫ్టు దగ్గరే జబ్బు. చక్రం బాగా తిరిగితే డిస్‌ప్లేసర్ రాడ్డు ఒక్కటీ తగిలించి మళ్ళీ తిప్పండి. తర్వాత పిస్టన్ ఒక్కటే. పిస్టన్ పరీక్షకు మాత్రం గాలి దారి తెరిచి పెట్టాలి, లేకపోతే లోపలి గాలి స్ప్రింగులా అడ్డుపడి మోసం చేస్తుంది. ఏ మెట్టులో తిరుగుడు ఒక్కసారిగా తగ్గిందో దొంగ అక్కడ దొరికినట్టే.

కొబ్బరినూనె మొత్తం కడిగేయండి. అది 24 డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకడుతుంది, వేడి చోట మాడి అంటుకుంటుంది. ఆముదం ఇంకా అన్యాయం, కొన్నాళ్ళకు వార్నీషులా ఎండిపోతుంది. కిరోసిన్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, ఆరాక బేరింగులకు కుట్టుమిషన్ నూనె చుక్క చొప్పున. పిస్టన్‌కు అదే నూనె వేలికి రాసుకుని ఒక పూత. డిస్‌ప్లేసర్‌కు అసలు వద్దు. గ్రీజు ఎక్కడా వద్దు. అరిగిన బుష్‌ల చోట కొత్త సీలు బేరింగు వేసి ‘స్మూత్‌గా ఉంది’ అంటారు కొందరు. చేతికి స్మూత్‌గానే ఉంటుంది, రెండు వాట్ల ఇంజనుకు అందులోని గ్రీజూ రబ్బరు సీలూ బండరాయి. వేయక తప్పకపోతే సీళ్ళు తీసి, గ్రీజు కడిగి, పలచటి నూనెతో వాడండి.

డిస్‌ప్లేసర్ రాడ్డు ఒంగిందేమో అద్దం పలక మీద దొర్లిస్తే తెలుస్తుంది. రాడ్డుకూ అద్దానికీ మధ్య వెలుతురు మినుకు మినుకుమంటే ఒంగినట్టు. ఒంగిన రాడ్డు డబ్బాను గోడకు రాయిస్తుంది. డబ్బా ఒక పక్క నిలువుగా మెరిసే గీత ఉంటే ఇక సందేహం లేదు. డబ్బా చుట్టూ సమంగా సుమారు ఒక మి.మీ. సందు, కిందికి దిగినప్పుడు అడుగు నుంచి ఒకటిన్నర, రెండు మి.మీ. ఎడం ఉండాలి. ఆ పక్క సందు దండగ కాదు. కిందికీ పైకీ పోయే గాలి ఆ గోడలకు కొంత వేడి అప్పగించి, తిరుగు దారిలో వెనక్కి తీసుకుంటుంది. సందు మూడు మి.మీ. అయితే గాలికి ఆ అవకాశం పోతుంది, ఊరికే చచ్చు ఖాళీ పెరిగి పీడనం పలచబడుతుంది.

డబ్బాను ఊపి వినండి. లోపల గలగలమంటే కీలు విడి నూనో కిరోసినో చేరింది. అలాంటి డబ్బాను ఎట్టి పరిస్థితిలోనూ మంట మీద పెట్టకండి, పగులుతుంది. ఏ శబ్దమూ లేకపోతే వేడినీళ్ళలో ముంచండి, బుడగలు వచ్చిన చోటే కన్నం. కన్నం ఉంటే ముందు పైభాగంలో చిన్న బెజ్జం వేసి, లోపలిది పూర్తిగా వంచి, ఎండబెట్టి, అప్పుడు ఇత్తడి కరిగించి అతికే బ్రేజింగు చేయించాలి. టంకం పనికిరాదు. మామూలు టంకం 183 డిగ్రీల నుంచే మెత్తబడుతుంది, ఈ డబ్బా కింది అంచు అంతకు మించే కాగుతుంది.

ఇక గాలి కారడం. అసలు పని ఇక్కడే.

పిస్టన్‌కు రింగులు ఉండవు, బోరుకు సరిపడా నున్నగా ఉండి సందుతోనే గాలిని ఆపాలి. 40 మి.మీ. బోరుకు మొత్తం తేడా 0.03 మి.మీ. ఉండాలి. కొలత సాధనాలు లేకపోయినా పరీక్ష ఉంది. బోరూ పిస్టనూ తుడిచి, సిలిండరు నిలువుగా నిలిపి, కింది దారి వేలితో మూసి, పైనుంచి పిస్టన్ వదలండి. మంచిదైతే తేలుతున్నట్టు ఆగి, నిమిషం దాటినా ఇంకా దిగుతూనే ఉంటుంది. తేడా 0.1 మి.మీ. అయితే ఐదు పది సెకన్లలో అడుగున కూర్చుంటుంది. సందు రెండింతలైతే కారే గాలి రెండింతలు కాదు, ఎనిమిదింతలు. అందుకే ‘కొంచెమే అరిగింది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. చిక్కటి నూనె పోస్తే ఈ పరీక్షలో నెగ్గుతుంది, ఇంజనులో ఓడుతుంది, ఎందుకంటే కారడం తగ్గినంతా రాపిడి పెరుగుతుంది.

పిస్టన్ మార్చాల్సి వస్తే టర్నరు సాధారణంగా ఇత్తడి కడ్డీ తీస్తాడు, చెక్కడం తేలిక కాబట్టి. వద్దని చెప్పండి. ఇత్తడి పోత ఇనుము కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. 40 మి.మీ. పిస్టన్ 60 డిగ్రీలు వేడెక్కితే చుట్టూ ఉన్న ఇనుము కంటే 0.02 మి.మీ. దాకా అదనంగా లావెక్కుతుంది. మీరు ఉంచిన సందే 0.03. చల్లగా ఉన్నప్పుడు జామ్మని తిరిగి, ఇరవై నిమిషాలకు బిగుసుకుని, చల్లారాక మళ్ళీ బాగయ్యే ఫ్యాన్లకు కారణం చాలాసార్లు ఇదే. పోత ఇనుప బోరులో పోత ఇనుప పిస్టనే వేయాలి. బోరు హోనింగు చేయించి, అంటే లోపల సానరాళ్ళతో నునుపు పట్టించి, దానికి తగ్గట్టు పిస్టన్ చేయించాలి, తిరగేసి కాదు. రెండింటికీ కలిపి ముతక లాపింగు పేస్టు (అరగదీసే పొడి కలిపిన ముద్ద) పట్టించకండి, దాని పలుకులు పోత ఇనుములో ఇరుక్కుని జీవితాంతం అరగదీస్తూ ఉంటాయి. ఇరుక్కుపోయిన పాత పిస్టన్ అయితే సుత్తి వద్దు. కిరోసిన్, పలచటి నూనె సగం సగం కలిపి పోసి మూడు నాలుగు రోజులు వదిలేయండి. పిస్టన్ ఇత్తడిదైతే వేడి చేస్తే ఇంకా బిగుస్తుంది, దానికి మంచు ముక్కలు పెట్టడం మేలు.

మిగతా కారే చోట్లు మూడు. డిస్‌ప్లేసర్ రాడ్డు పైకి వచ్చే గ్లాండు ఒకటి. అందులో నూలు ప్యాకింగు కూరి బిగించకండి, రాడ్డు కదలదు. పొడవైన కంచు బుష్ కొత్తది వేసి, రాడ్డు దాని బరువుకే జారేలా, పక్కకు మాత్రం కదలకుండా రీమరు (కన్నాన్ని కచ్చితమైన కొలతకు నునుపు చేసే పనిముట్టు) పట్టించాలి. రెండోది సిలిండరు అతుకు ప్యాకింగు. మూడోది పెద్ద సిలిండరు కింద దీపం వేడి తగిలే అడుగు గిన్నె. సబ్బునీళ్ళు రాసి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తే మొదటి రెండూ బుడగలతో బయటపడతాయి.

పాత ప్యాకింగు బూడిద రంగులో పీచులా ఉంటే అది ఆస్బెస్టాస్ అనే అనుకోండి. పొడిగా గీకకూడదు, ఎమరీ అసలు పట్టకూడదు. సబ్బునీళ్ళతో బాగా తడిపి, పీ100 ఫిల్టరున్న, ముఖానికి బిగుతుగా అతుక్కునే రెస్పిరేటరు మాస్కు పెట్టుకుని (ఎన్95 దీనికి చాలదు), ముక్కలుగా లేపి, తడిగానే సంచిలో మూటకట్టి పెట్టండి. దాని చోట ఒక మి.మీ. గ్రాఫైటు షీటు చక్కగా సరిపోతుంది. కారుకు వాడే రబ్బరు కార్కు షీటు మొదటి రోజే మాడుతుంది.

అడుగు గిన్నెకు పగులుందేమో చూడడానికి పాతకాలపు ఉపాయమే మేలు. బయట మసి, తుప్పు శుభ్రం చేసి సుద్ద నీళ్ళలో కలిపి పూయండి. ఆరాక లోపల కిరోసిన్ పోసి అరగంట ఉంచండి. పగులుంటే తెల్లటి పూత మీద తడి గీత వెంట్రుకలా దిగుతుంది. చూశాక కిరోసిన్ వంచి, తుడిచి, ఒక రోజంతా ఎండలో పెట్టాకే దీపం దగ్గరికి పోనివ్వాలి.

గిన్నె పలచబడి చిల్లు పడితే అతుకు కన్నా కొత్తది మేలు. ఇక్కడే చాలామంది తెలియక ఇంజనును చంపుతారు. ‘మళ్ళీ కాలిపోకుండా’ మందపాటి ఇనుప గొట్టంతో గిన్నె చేయిస్తారు. లెక్క చూడండి. 50 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం, 100 మి.మీ. పొడవున్న మామూలు ఉక్కు గొట్టానికి కిందికీ పైకీ 300 డిగ్రీల తేడా ఉంటే గోడ వెంట పైకి పాకే వేడి 70 వాట్లు. అదే 304 స్టెయిన్‌లెస్‌తో 1 మి.మీ. మందం పెడితే ఏడెనిమిది వాట్లే. ఆ 70 వాట్లు ఊరికే పోవడంతో ఆగవు, చల్లగా ఉండాల్సిన పైభాగాన్ని కాల్చి, ఉన్న తేడాను కూడా తినేస్తాయి. స్టెయిన్‌లెస్ వేడిని సరిగా పోనివ్వదని వంట గిన్నెల విషయంలో విసుక్కుంటాం కదా, ఇక్కడ మనకు కావలసింది అదే గుణం. రాగి, అల్యూమినియం అస్సలు వద్దు. పాత గిన్నెను పారేయకుండా దాచండి, వస్తువు విలువలో దానికీ వాటా ఉంది.

గ్యాసు టార్చి ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమవుతుంది. దీపం అడుగును 300, 400 డిగ్రీల మధ్య ఉంచుతుంది, టార్చి చూస్తుండగానే ఎర్రబారుస్తుంది. ఎర్రబారిన రేకు పొలుసులుగా రాలి పలచబడుతుంది, పైభాగమూ కాగుతుంది. పైన 60 డిగ్రీలు, కింద 350 ఉంటే వేడిలో పనిగా మార్చుకోవడానికి ప్రకృతి ఇచ్చే గరిష్ఠ వాటా 46 శాతం. పైభాగం 120కి చేరితే అది 37. మనకు దక్కేది ఎలాగూ అందులో పిసరంత, ఆ పిసరూ తగ్గిపోతుంది. కాబట్టి పైభాగం చుట్టూ వేడి బయటికి పోవడానికి ఉన్న లోహపు అంచుల మీద ఎవరైనా మందంగా ఎనామిల్ పెయింటు వేసి ఉంటే గీకించండి. నూనె మట్టి పట్టి ఉంటే కడగండి. పెద్ద ఎరిక్సన్ పంపుల్లో తోడిన నీళ్ళే సిలిండరు చుట్టూ తిరిగి చల్లబరుస్తాయి. నీళ్ళు లేకుండా నడిపితే లోపలి తోలు ప్యాకింగు కాలిపోతుంది. ఫ్యానుకు గాలే దిక్కు.

రెండు సిలిండర్ల మధ్య దారిని మర్చిపోకండి. ఏళ్ళ తరబడి అటక మీద ఉన్న వస్తువు. ఐదారు మి.మీ. కంత అంటే కందిరీగలకు కట్టిన ఇల్లే. మట్టి గూడు సగం మూసినా గాలి అటు ఇటు పోయేసరికి అదను తప్పుతుంది. మెత్తటి తీగ పోనిచ్చి చూడండి.

దీపం పని చిన్నది. వత్తి సూటిగా కత్తిరించి, రెండు చివర్లూ ఒక వెంట్రుక వాసి గుండ్రం చేయండి. మంట కొన గిన్నెకు తగలకూడదు, తగిలితే మసి పడుతుంది, మసి వేడికి దుప్పటి. ట్యాంకు కీలు కారుతుంటే టంకానికి ముందు కిరోసిన్ వంచి, సబ్బునీళ్ళతో కడిగి, కీలు కింది దాకా నీళ్ళు నింపాలి, లేకపోతే లోపలి ఆవిరి అంటుకుంటుంది. ఇత్తడి మెరుపుకు చింతపండు భేషైనదే. వెంటనే కడిగి తుడవాలి, ఇనుప మరలకు తగలనివ్వకూడదు. పెట్రోలు ఎంత పలచన చేసి కూడా పోయకండి.

మరల విషయం కూడా. పాత బ్రిటిష్ పావు అంగుళం విట్‌వర్తు మర 6.35 మి.మీ., అంగుళానికి 20 చుట్లు, అంటే చుట్టుకు 1.27 మి.మీ. దాని చోట ఎం6 బోల్టు, చుట్టుకు 1 మి.మీ.ది, రెండు చుట్లు ఎక్కి ఆగుతుంది. అక్కడ స్పానరు బలం వాడితే పోత ఇనుప మర పోయినట్టే. పిచ్ గేజి (మర చుట్ల ఎడం కొలిచే పళ్ళ రేకు) పెట్టి చూసి కొనండి. మీ ఫ్యానులో అన్నీ మెట్రిక్ మరలూ, నక్షత్రం తలల స్క్రూలూ, నంబరు వేసిన బేరింగులూ కనిపిస్తే, అది తాతగారి కాలానిదా కాదా అన్న ప్రశ్న వేరే వేసుకోవాలి. పాతవి అని చెప్పి అమ్మే కొత్త తయారీలు చాలానే ఉన్నాయి.

అన్నీ అయ్యాక మొదటిసారి రెక్కలు లేకుండా నడపండి. దీపం వెలిగించి పది పదిహేను నిమిషాలు ఆగి, సరైన దిశలో అర చుట్టు ఇస్తే చాలు, తనంతట తానే అందుకోవాలి. అరగంట తిరిగాక కూడా వేగం నిలకడగా ఉంటేనే రెక్కలు బిగించండి. రెక్కలతో ఆగిపోతే, రెక్కల వంపు మూడింట్లోనూ ఒకేలా ఉందో లేదో చూడండి. ఆపేటప్పుడు దీపం ఆర్పి, చక్రాన్ని చేత్తో పట్టుకోకుండా దానంతట అదే ఆగేదాకా వదిలేయండి, అడుగు వేడి నెమ్మదిగా దిగుతుంది. ఎక్కువ రోజులు వాడకపోతే కిరోసిన్ వంచేసి, పిస్టన్‌కు నూనె పూత రాసి, బయటికి కనిపించే ప్రతి కంతలో గుడ్డ పీలిక దోపండి, కందిరీగలు మళ్ళీ వస్తాయి.